నూట డెబ్బై నాలుగు లీటర్ల బోర్డు

మొదట పోయినవి లెక్కపెడతాను. బోర్డు అడుగున తోక దగ్గర బిగించే రెక్క ఒకటి, దాన్ని ఫిన్ అంటారు. నా ఎడమ కాలి చెప్పు. నా టోపీ. మా ఆవిడ కుడికాలి బొటనవేలి గోరు. పదకొండు ప్రయత్నాల్లో పది. పద్నాలుగు పేర్లు రాసి ఉన్న కాగితంలో ఐదు పేర్లు. ఒక ఏడాది. ఇవి అంకెలకు దొరికినవి. ఆ తర్వాత మా ఆవిడ నన్ను అడగకుండా తనే తేల్చుకున్న విషయాలు ఎన్నో నాకు తెలియదు. రాసుకోవాలంటే నాకు చెప్పాలి కదా.

నేను చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గు గనిలో కాంటా మీద పనిచేస్తాను. కాంటా అంటే లారీని చక్రాలతో సహా ఎక్కించి తూచే వేదిక. ఖాళీ లారీ వస్తుంది, తూస్తాను. బొగ్గు నింపుకుని మళ్ళీ వస్తుంది, తూస్తాను. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే మిగిలేది బొగ్గు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. చదువు పదో తరగతితో ఆగింది, అదీ మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను, లెక్కలూ అంతే. బొగ్గు కుప్ప చుట్టూ తాడు పట్టుకుని నడిచి, ఎత్తు చూసి, అందులో ఎన్ని టన్నులున్నాయో చెప్పగలను. నా మాట తప్పితే నూటికి రెండో మూడో తప్పుతుంది. కాలనీలో నీళ్ళ ట్యాంకు కట్టాలన్నా, పెళ్ళికి బియ్యం ఎన్ని నానబెట్టాలన్నా నన్ను అడుగుతారు. మా ఆవిడా అడిగేది.

ఆమె భద్రావతిలో ఒక బడిలో పీటీ టీచరు. రోజూ ఏడింటి బస్సుకు వెళ్తుంది. నేను చెప్పబోయేది మొదలైనప్పుడు ఆమెకు నలభై ఐదేళ్ళు.

మా ఊరికి డ్యామ్ దగ్గరే. వేసవిలో పొద్దున నీళ్ళు కదలవు. మధ్యాహ్నం మూడు దాటాక గాలి లేచి, అవతలి గట్టు నుంచి చిన్న చిన్న అలలు వరసకట్టి వస్తాయి. రెండేళ్ళ కిందటి వేసవిలో అక్కడ నీటి ఆటల శిబిరం పెట్టారు. నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే బోర్డులు నాలుగు తెచ్చారు. అందులో రెండు మెత్తటివి, గాలి నింపేవి, రెండు గట్టివి. మా ఆవిడ బడి పిల్లలకు తోడుగా వెళ్ళింది. సాయంత్రం ఐదున్నరకే ఈల ఊది అందర్నీ పైకి రప్పిస్తారు, చీకటి పడ్డాక ఆ గట్టు పులులది. కాబట్టి ఆరున్నరకు ఇంట్లో ఉంది. మొహం కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఏమయ్యా, నేను నీళ్ళ మీద నిలబడిన."

"ఎంతసేపు?"

"ఎట్లున్నదని అడగవా? ముందుగాల ఎంతసేపేంది?"

"ఎట్లున్నది?"

"పన్నెండు నిమిషాలున్నది," అని పకపకా నవ్వింది.

ఆ వేసవంతా ప్రతి ఆదివారం వెళ్ళింది. శిబిరంలో నేర్పే అబ్బాయి వార్ధా వైపువాడు. ఆమెను 'తాయీ' అంటాడు, అంటే అక్క. నన్ను 'కాకా' అంటాడు, అంటే బాబాయి. ఆమెకూ నాకూ తేడా మూడేళ్ళే. వేసవి అయిపోయేసరికి ఆమె అతనితో సమానంగా నీళ్ళ మీద తిరుగుతోంది. కాలనీ ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూసి, మాకూ నేర్పమని వెంటపడ్డారు. ఒక నర్సు, ఇద్దరు టైలర్లు, అంగన్‌వాడీ టీచరు, వాళ్ళ చెల్లెళ్ళు, కోడళ్ళు. పద్నాలుగు పేర్లు కాగితం మీద రాసి మా ఆవిడ చేతికిచ్చారు.

కానీ ఆడవాళ్ళ బ్యాచ్ పెట్టాలంటే నేర్పేది ఆడమనిషే అయి ఉండాలని, ఆమె దగ్గర సర్టిఫికెట్ ఉండాలని శిబిరం వాళ్ళ నియమం. ఆ సర్టిఫికెట్ డ్యామ్‌లో ఇవ్వరు, సముద్రం దగ్గర ఇస్తారు. ఐదు రోజుల శిక్షణ, చివరి రోజు పరీక్ష. ఇరవై నిమిషాల్లో మూడు అలల మీద నిలబడి ఇసుక దాకా రావాలి. శిక్షణ ఏడాదికి ఒక్కసారి, ఫిబ్రవరిలో. మా ఆవిడ అప్పటిదాకా సముద్రమే చూడలేదు. పేర్ల కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది, మూడు అలలు వస్తే తిరిగి విప్పుతానంది.

బోర్డు మనమే ముందుగా చెప్పి పెట్టుకోవాలి. తీరం దగ్గర బోర్డులు అద్దెకిచ్చే షెడ్డు ఉంది, అక్కడి నుంచి మూడు బోర్డుల ఫోటోలు, కొలతలు ఫోనులో వచ్చాయి. నేను వార్ధా అబ్బాయిని అడిగాను. అతను మరాఠీలోనే మాట్లాడతాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

"నిలిచిన నీళ్ళల్ల అయితే మనిషి బరువుకు డబుల్ లీటర్లు పట్టుకో కాకా."

లీటర్లంటే బోర్డు లోపల పట్టే నీళ్ళు కాదు. బోర్డును పూర్తిగా ముంచితే అది పక్కకు నెట్టే నీళ్ళు. ఒక్కో లీటరు ఒక్కో కిలోను తేలుస్తుంది.

"అలల్లనైతే?"

"అలల్ల తక్కువ చేసుకోవాలె."

"ఎంత తక్కువ?"

"అలవాటును బట్టి."

"అలవాటు ఎన్ని కిలోలుంటది?"

అతను నవ్వాడు. "కాకా, అల చిన్నగుండి గాలి కొడుతుంటే పొడుగు తగ్గించు, వెడల్పు తగ్గించకు. తోక వెడల్పుంటే చిన్న అల గూడ నూకుతది. తాయి చేత ఎత్తించి చూడు, చేతుల పట్టాలె."

ఇదంతా రాసుకున్నాను. అంకె ఉన్న మొదటి మాట పేజీ పైన రాసి గీత గీశాను. అంకెలు లేని మిగతా మాటలు అడుగున రాశాను.

తర్వాత బరువు. మా కాంటా పది కిలోల కంటే తక్కువ తేడా చూపదు కాబట్టి మా వీధిలో సోయాబీన్ కొనే వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళాను. బస్తాలు తూచే పలక మీద ఆమెను నిలబెట్టాను. వ్యాపారి గల్లా దగ్గర నుంచి మెడ చాచి చూసి ధర అడిగాడు.

"ఏం భావ్‌కు ఇస్తున్నవ్ భయ్యా?"

నాకంటే ముందు మా ఆవిడే అంది: "మంచి భావొస్తే ఈయన్నే అమ్ముత సేఠ్, జరంత తడిసిన సరుకు."

అరవై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆమె వేసుకునే ట్రాక్‌సూట్ బకెట్లో ముంచి తీసి, వంటింట్లో కొక్కెం తక్కెడకు తగిలించి, ధార ఆగి చుక్కలు పడేదాకా చూసి తూచాను. తడి వల్ల పెరిగింది ఒక కిలో తొమ్మిది వందలు. లైఫ్ జాకెట్ తొమ్మిది వందలు. తెడ్డు ఎనిమిది వందలు. మొత్తం అరవై ఆరు. కాంటా మీద పదుల్లోకి పైకి రాయడం అలవాటు, డెబ్బై రాశాను. సముద్రం కాబట్టి ఐదో వంతు కలిపాను, ఎనభై నాలుగు. దానికి రెట్టింపు నూట అరవై ఎనిమిది.

నాకు ఈత రాదు. అది కూడా చెప్పాలి.

మూడు బోర్డుల్లో మొదటిది ఎనిమిదిన్నర అడుగుల పొడవు, ముప్పై అంగుళాల వెడల్పు, నూట ఎనిమిది లీటర్లు. రెండోది తొమ్మిది అడుగులు, ముప్పై రెండున్నర అంగుళాలు, నూట ఇరవై నాలుగు లీటర్లు. మూడోది పదిన్నర అడుగులు, ముప్పై రెండు అంగుళాలు, నూట డెబ్బై నాలుగు లీటర్లు. నాకు కావలసిన అంకెను దాటింది మూడోది ఒక్కటే.

ఆమె జొన్నరొట్టె చరుస్తూ ఉంది. పిండి డబ్బాకు ఆనించిన ఫోనులో ఫోటోలు చూసింది.

"నాకు నడిమిది మంచిగనిపిస్తున్నది."

"ఎందుకు?"

"దాని తోక చూడు, చాట లెక్కున్నది. నిలబడితే కాలు జారదు."

"చాటను చూసి బోర్డు తీసుకుంటరా?"

"లారీని చూసి తీసుకొమ్మంటవా?" రొట్టె తిప్పి వేసింది. "గా పెద్దది ఎందుకయ్యా? ఎక్కేది నేనొక్కదాన్నే గద. నువ్వు గూడ వెనకాల కూసుంటవా ఏంది?"

"ఎక్కువుంటే నష్టమేమున్నది? ఇరవై టన్నుల లారీల పది టన్నులు ఏసుకొని పోరా?"

"పోతరు."

"మరి?"

ఆమె రొట్టెను పెనం మీద నుంచి తీసింది. "సరే తీ. లెక్క నీది, కాలు నాది. బుక్ చెయ్యి."

బల్లార్షాలో రైలెక్కి, విశాఖలో దిగి, అక్కడి నుంచి బస్సులో ఆ తీరానికి చేరాం. నేను వారం రోజులు సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మా ఆవిడ సముద్రాన్ని చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళు పాదాలకు తగిలేదాకా నడిచి, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను దూరంగా నిలబడి రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెడుతున్నాను. నాలుగున్నర.

షెడ్డు యజమాని అరవై దాటిన మనిషి. నూట డెబ్బై నాలుగు లీటర్ల బోర్డు బయటికి తీస్తూ మా ఆవిడను కిందా మీదా చూశాడు.

"అమ్మగారు చిన్న మనిషే కదండీ. పడవ బుక్ చేశారేంటి?"

"ఈయన చేసిండు," అంది మా ఆవిడ.

"మీది తెలంగాణాండీ?"

"కాదు, మహారాష్ట్ర."

"మరి తెలుగు మాట్లాడతన్నారే!"

"ఏం, మహారాష్ట్రల తెలుగు బంద్ చేసిన్రా?"

ముసలాయన నవ్వి బోర్డు ఆమె చంకకు ఆనించాడు. చెయ్యి చుట్టూ తిరిగి అంచుకు అందలేదు. ఆయన దాన్ని తలమీద పెట్టుకుని నీళ్ళ దాకా తనే మోశాడు. ఇది నేను చూశాను. రాసుకోలేదు.

శిక్షణ పొద్దున ఏడింటికి. ఆ వేళకు గాలి ఉండదు, అల నడుము లోపే, మెల్లగా వస్తుంది. నేను ఇసుకలో కూర్చుని ఒక పట్టిక తయారుచేశాను. గంటకు ఆమె ఎన్నిసార్లు పడిందో రాశాను. మొదటి రోజు ఆరు, రెండో రోజు నాలుగు, మూడో రోజు మూడు, నాలుగో రోజు రెండు. ఎనిమిదిన్నర అడుగుల బోర్డు మీద ఒడిశా నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమె నాలుగో రోజున కూడా ఏడుసార్లు పడింది. నడిమి బోర్డును ఎవరూ తీసుకోలేదు, షెడ్డు గోడకు ఆనించి ఉంది. నా పట్టిక చూసుకుని నాకు తృప్తిగా ఉంది. ఆ మాట దాచను.

మధ్యాహ్నాలు శిక్షణ లేదు, ఎవరికి వాళ్ళు సాధన చేసుకోవచ్చు. రెండో రోజు మూడింటికి మా ఆవిడ వెళ్ళింది. గాలి తీరానికి అడ్డంగా వీస్తోంది. అలలు తొడ ఎత్తువే, కానీ దగ్గర దగ్గరగా, తెగిన అంచులతో వస్తున్నాయి. అరగంటలో పంతొమ్మిదిసార్లు పడింది. ఆ అంకె రాసి, పక్కన 'గాలి' అని రాసి, కొట్టేశాను. మూడో రోజు మధ్యాహ్నం పదిహేడు. అదీ కొట్టేశాను.

ఎందుకు కొట్టేశానో చెబుతాను. కాంటా మీదికి లారీ ఎక్కగానే ఎదుటి పలక మీద ఎర్ర అంకెలు ఆడుతుంటాయి. ఇంజను అదురు, డ్రైవరు దిగడం, పైన కప్పిన తాడిపత్రి పట్టా గాలికి కొట్టుకోవడం, అన్నీ అంకెను కదుపుతాయి. ఆడే అంకెను రాసుకోకూడదు. కుదురుకునేదాకా ఆగాలి, కుదురుకున్నదే బరువు. నేను పనిలో చేరిన రోజు నాకు చెప్పిన మొదటి మాట అదే. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

నాలుగో రోజు సాయంత్రం, మర్నాటి పరీక్షకు ఏ బోర్డో ఫారం మీద రాసివ్వాలి. రాశాక మార్చడానికి లేదు. మా ఆవిడ తడి జుట్టుతో షెడ్డు ముందు బల్ల మీద కూర్చుంది.

"మధ్యాహ్నం ఇది ఎగురుతున్నదయ్యా," అంది. "ఖాళీ లారీ గుంతల్ల పోయినట్టు ధడేల్ ధడేల్‌మని ఎగురుతున్నది. కాళ్ళ కింద ఆగుతలేదు."

ముసలాయన గోడకున్న బోర్డు చూపించాడు. "ఆ తొమ్మిదడుగులది ఖాళీగానే ఉందండీ. రేపు గాలుంటది, అది రాసేయండి."

"పరీక్ష పొద్దున గదా?" అన్నాను.

"పొద్దునో మధ్యాహ్నమో, పరీక్ష పెట్టే మేడమ్ గారి ఇష్టమండీ."

నాలుగు రోజులూ ఏడింటికే శిక్షణ జరిగింది, ఐదో రోజు ఎందుకు మారుతుంది? నేను పట్టిక తీశాను. ఆరు, నాలుగు, మూడు, రెండు. అలవాటైన బోర్డు వదిలి ఇప్పటిదాకా ఎక్కని బోర్డు మీద పరీక్షకు పోతారా అని అడిగాను. మా ఆవిడ పట్టిక చూసింది, గోడ వైపు చూసింది, నా మొహం చూసింది. తర్వాత ఫారం మీద మూడో బోర్డు నంబరు రాసి సంతకం పెట్టింది. నన్ను నమ్మి రాసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి పరీక్ష పెట్టే మేడమ్ వచ్చి సముద్రం చూసి, మూడింటికి రమ్మంది. "మీరు నేర్పబోయేది గాలి లేని రోజుల్లో మాత్రమే కాదుగా," అంది.

మూడింటికి ఇసుక రేణువులు కాళ్ళకు కొట్టుకునేంత గాలి. ముసలాయన ఒక చివర, మా ఆవిడ ఒక చివర పట్టుకుని బోర్డును నీళ్ళ దాకా తీసుకెళ్తుంటే గాలి దాన్ని తలుపులా తిప్పేసింది. ఈల ఊదారు. ఇరవై నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆమెకు లోపలికి వెళ్ళడానికే పట్టాయి. అంత మందం బోర్డు నీళ్ళ మీద తేలిపోతుంది, నీళ్ళలోకి దిగదు. కాబట్టి ప్రతి చిన్న అల కూడా దాన్ని కింద నుంచి ఎత్తి కొడుతుంది, గాలి పక్క నుంచి తోస్తుంది.

పదకొండు ప్రయత్నాలు. ఆరుసార్లు బోర్డు ముక్కు ముందున్న అలలో గుచ్చుకుంది. అలలు అంత దగ్గరగా వస్తుంటే పదిన్నర అడుగుల పొడవుకు మధ్యలో చోటు లేదు. నాలుగుసార్లు గాలికి అడ్డం తిరిగింది. ఒక్కసారి నిలబడింది. మోకాళ్ళు వంచి, తెడ్డు ఎడమవైపు పెట్టి, ఇసుక దాకా వచ్చింది. ఒడ్డున చేయి ఎత్తి వేలు చూపించింది, ఒకటి అని. వెంటనే తిరిగి లోపలికి వెళ్ళింది. అప్పటికి తొమ్మిది నిమిషాలున్నాయి.

చివరి ప్రయత్నంలో బోర్డు ముక్కు గుచ్చుకుని ఆమె ముందుకు పడింది. బోర్డు వెనక నుంచి దొర్లుకుంటూ ఆమె మీదికి వచ్చింది. ఆమె తల కనబడలేదు. నేను పరిగెత్తాను. నడుము లోతుకు వెళ్ళాక గుర్తొచ్చింది, నాకు ఈత రాదని. టోపీ, చెప్పు అప్పుడే పోయాయి. ఆమె అప్పటికే లేచి నిలబడి, కాలికి కట్టిన తాడు పట్టి బోర్డును లాక్కుంటోంది.

"నువ్వెందుకు దిగినవ్?" అని అరిచింది. "పో, బయటికి పో! నిన్ను గూడ మోయాల్నా?"

ఈల మోగింది. ఫిన్ విరిగి పోయింది. గోరు ఊడి బొటనవేలు రక్తం కారుతోంది. ముసలాయన ఫిన్ గురించి ఒక్క మాట అనలేదు. వేలికి గుడ్డ కట్టి, "మళ్ళీ ఏడాది రండమ్మా," అన్నాడు.

తిరుగు రైలులో ఆమె గుడ్డ కట్టిన కాలు ఎదురు సీటు మీద పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాచింది.

"ఆ బుక్కియ్యి."

ఇచ్చాను. పట్టిక పేజీ తీసింది.

"ఈ పంతొమ్మిది, పదిహేడు ఎందుకు కొట్టేసినవ్?"

"గాలున్నది గదా. కుదురుకోలే."

"సముద్రం నీ కాంటానా, కుదురుకునేదాక ఆగనీకి? గాలిలనే గద నేను నిలబడాల్సింది. ఉన్నయే గా రెండు లెక్కలు, అవే కొట్టేసినవ్."

ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. బరువు రాసిన పేజీ దగ్గర ఆగి వేలితో కిందికి చదువుకుంటూ వచ్చింది.

"నేను అరవై రెండు. మరి ఈ ఎనభై నాలుగు ఎవరు?"

తడి బట్టలు, జాకెట్, తెడ్డు, పదుల్లోకి మార్చడం, ఐదో వంతు, అన్నీ వరసగా చెప్పాను. విన్నది.

"ఇది నా బరువు కాదయ్యా, నీ భయం బరువు. దాన్ని నా కాళ్ళ కింద పెట్టినవ్."

ఇరవై ఒక్క కిలోల ఆరు వందల గ్రాములు. నేను కూడా అప్పుడే తీసివేసి చూశాను.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది కాబట్టి సరిచేయడం తేలిక అనుకున్నాను. పెన్ను తీసి, అలల్లో తక్కువ కాబట్టి అరవై రెండున్నరను రెట్టింపు బదులు ఒకటీ ముప్పాతికతో హెచ్చించి, వచ్చే ఏడాదికి ఎన్ని లీటర్లో వేయబోయాను. ఆమె పెన్ను మీద చెయ్యి పెట్టింది.

"ఆగు. ముందు నువ్వు నిలబడు."

"నేనా?"

"మన డ్యామ్‌లనే. పొద్దున కాదు, గాలి లేసినంక. నేను నిలబడిన ఇరవై నిమిషాలు నువ్వు గూడ నిలబడు. గప్పుడు చెప్పు ఎన్ని లీటర్లో."

"ఒక్కసారే ఇరవై నిమిషాలా?"

ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. "కిస్తీల్ల కట్టు. పడితే అక్కడికి బంద్. నిలబడ్డంతే జమ."

ఆ వేసవిలో ఆడవాళ్ళ బ్యాచ్ మొదలు కాలేదు. కాగితంలో పేర్లు ఒక్కొక్కటే పోయాయి. నర్సుకు గోండ్‌పిప్రికి బదిలీ అయింది. ఒక టైలరు మా ఆవిడ మొహం మీదే అంది, "మీకే రాలేదంట గద అక్కా, మాకేం నేర్పుతరు?" అని. తన పేరు తనే కొట్టేసుకుంది. ఒకామెను అత్తగారు వద్దన్నారు. మిగతా ఇద్దరు ఎందుకు మానారో చెప్పలేదు. మా ఆవిడ ఆ కాగితాన్ని పారేయలేదు, పేర్లు కొట్టేసినప్పుడల్లా మళ్ళీ మడిచి పర్సులో పెట్టుకుంది.

ఆ ఏడాదంతా ఆమె డ్యామ్‌కు మధ్యాహ్నాలే వెళ్ళింది. వార్ధా అబ్బాయి దగ్గరున్న నాలుగు బోర్డులూ గాలిలో ఒక్కోటి ఎక్కి చూసింది. ఏది ఎట్లా ఉందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఫిబ్రవరిలో అంగన్‌వాడీ టీచరును తోడు తీసుకుని వెళ్ళింది. నన్ను స్టేషన్ దాకా రానిచ్చింది.

"ఏ బోర్డు బుక్ చేసినవ్?" అన్నాను రైలు కదలబోతుంటే.

"ఇరవై నిమిషాలు అయినయా నీవి?"

"కాలే."

"మరి చెప్ప."

ఆరో రోజున ఫోనులో ఒక ఫోటో వచ్చింది. సర్టిఫికెట్ పట్టుకుని షెడ్డు ముందు నిలబడింది, పక్కన ముసలాయన. ఆమె చంకలో బోర్డు ఉంది, చెయ్యి చుట్టూ తిరిగి అంచును పట్టుకుని ఉంది. తోక వెడల్పుగా, చాట లాగే ఉంది. నాలుగు అలలు వచ్చాయని అంగన్‌వాడీ టీచరు రాసింది.

ఈ వేసవిలో బ్యాచ్ మొదలైంది. తొమ్మిది మంది. మొదటి రోజు ఒకామె చీర కట్టుకుని వచ్చి, కొంగు దోపుకుని ఎక్కుతానంది. మా ఆవిడ ఈల ఊది దింపేసింది. బోర్డు ఇచ్చే ముందు ఒక్కొక్కరి చేత చంకలో పెట్టి పది అడుగులు మోయించి, గాలికి ఎదురుగా నిలబెట్టి చూస్తుంది. బరువెంత అని మాత్రం ఎవరినీ అడగదు. అడిగితే చెప్పరని అంటుంది.

నా సంగతి. నేను తొమ్మిది ఆదివారాలు వెళ్ళాను, అన్నీ మధ్యాహ్నం మూడు తర్వాతే. లైఫ్ జాకెట్ వేసుకుంటాను, నడుము లోతు దాటను. మొదటి రోజు పదకొండు సెకన్లు నిలబడ్డాను. రెండో రోజు ఏడు. కాళ్ళ వైపు చూడొద్దని, అవతలి గట్టు మీది కరెంటు ప్లాంటు చిమ్నీ వైపు చూడమని చెప్పింది. చిమ్నీని చూస్తే అలలు లెక్కపెట్టడం కుదరదు. లెక్కపెడితే పడతాను. గాలి ఎక్కువైనప్పుడు మోకాళ్ళు వాటంతట అవే పనిచేస్తాయి, అప్పుడే కొన్ని సెకన్లు ఎక్కువ వస్తాయి. ఎన్ని కిలోలకు ఎన్ని లీటర్లన్నది ఆ సమయంలో నాకు తోచదు.

ఆమె గట్టు మీద నిలబడి బడి స్టాప్‌వాచ్‌తో చూస్తుంది. నాకంటే గట్టిగా లెక్క చూస్తుంది.

"చేతులు పెట్టినవ్ బోర్డు మీద. నాలుగు సెకండ్లు కట్!"

"వేలే గద ఆనించిన!"

"వేలైనా గంతే. మళ్ళ ఎక్కు, చీకటైతే పులొస్తది."

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది ఆరో ఆదివారం, ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. పోయిన ఆదివారం గాలి బాగా ఉంది, రెండుసార్లు ఎక్కితే కలిపి యాభై సెకన్లు వచ్చింది. తొమ్మిది ఆదివారాలకు మొత్తం జమ ఏడు నిమిషాల ఇరవై సెకన్లు, కోతలు పోగా. ఇంకా నేను నిలబడాల్సింది పన్నెండు నిమిషాల నలభై సెకన్లు.